ఇంజన్ పని చేయించాక ఆయిల్ లైటు ఆరడం లేదా? మళ్ళీ విప్పే ముందు కొలిచి చూడండి

నెలకు నలుగురైనా ఇదే అడుగుతారు. "అన్నా, ఇంజన్ పని చేయించి పది రోజులు కాలేదు. సిగ్నల్ దగ్గర ఆగితే చాలు, ఆయిల్ లైటు మిణుకు మిణుకుమంటోంది. మేస్త్రీని అడిగితే, కొత్త ఇంజన్ కదా సామీ, సెట్ అయ్యేదాకా అంతే, తోలుకోండి అంటున్నాడు."

సెట్ అవ్వాల్సింది పిస్టన్ రింగులు. ఆయిల్ ప్రెషర్‌కు సెట్ అవ్వడం అంటూ ఏమీ లేదు. కొత్త బేరింగులు వేసిన ఇంజన్‌లో ప్రెషర్ అన్నిటికంటే బాగుండాల్సింది మొదటి రోజే. ఆ రోజే లైటు వెలుగుతోందంటే ఏదో ఒకటి తప్పు పడింది. ఆ తప్పు చాలాసార్లు చిన్నదే. ఒక రబ్బరు రింగు, ఒక ప్లగ్, ఇంత సిలికాన్ ముద్ద. కనిపెట్టకుండా తోలితే మాత్రం క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇంజన్ ఇరుసు) దాకా పోతుంది.

తిరుపతిలో చిన్న షెడ్డు నడుపుతున్నాను. వచ్చినవాళ్ళకు విడివిడిగా చెప్పేదే ఇక్కడ ఒకచోట రాస్తున్నాను. కొంత మీరే చేసుకోవచ్చు. మిగతాది మీ మెకానిక్ పక్కన నిలబడి చేయించుకోవచ్చు.

ఒక్క ముక్క థియరీ, అంతే. పంపు పని ఆయిల్‌ను తోయడం వరకే. ఆ ఆయిల్ సన్నటి సందుల్లో నుంచి కష్టపడి పోవాల్సి రావడం వల్ల ప్రెషర్ పుడుతుంది. పొలంలో మోటారు ఎంత బాగున్నా మధ్యలో పైపు పగిలితే చివరి మడికి నీళ్ళు అందవు కదా, ఇదీ అంతే. కాబట్టి వెతకాల్సినవి మూడు: సరిగ్గా పీలుస్తోందా, సరిగ్గా తోస్తోందా, మధ్యలో ఎక్కడైనా కారిపోతోందా.

ముందు బండి ఆపండి

చాలా బండ్లలో ఆ ఎర్ర లైటు వెలిగేది ప్రెషర్ దాదాపు 5 పీఎస్‌ఐ చుట్టుపక్కలకు పడిపోయాకే. అంటే అది "జాగ్రత్త" అని చెప్పే లైటు కాదు, "ఇప్పటికే ఆలస్యమైంది" అని చెప్పే లైటు. "షెడ్డు ఇంకో మూడు కిలోమీటర్లేగా" అనుకోకండి. తోసుకురండి, లేదా తాడు కట్టి లాగించండి. లైటుతో పాటు లోపలి నుంచి బరువుగా టక్ టక్ అని శబ్దం వస్తుంటే సెల్ఫ్ కూడా కొట్టకండి. గేజ్ పెట్టే పనే లేదు, నేరుగా బేరింగుల స్టెప్పుకు వెళ్ళండి.

ఏమేం కావాలి

ముఖ్యమైనది మెకానికల్ ఆయిల్ ప్రెషర్ గేజ్. గొట్టం ఉన్న, ముల్లు తిరిగే రకం, 0 నుంచి 100 పీఎస్‌ఐ దాకా చూపించేది తీసుకోండి. దాంతో పాటు రకరకాల మరల అడాప్టర్లు వస్తాయి. కొన్ని గేజ్‌లు పీఎస్‌ఐలో, కొన్ని బార్‌లో, పాత మేస్త్రీలు కేజీల్లో చెబుతారు. ఒక బార్ అంటే 14.5 పీఎస్‌ఐ. కేజీ కూడా కాస్త అటూ ఇటుగా అంతే.

ఇవి కాక: మీ బండి సర్వీస్ మాన్యువల్‌లోని ప్రెషర్ అంకెలు, ఆయిల్ స్విచ్‌కు (ఇంజన్‌కు బిగించి ఉండి ఆ లైటును వెలిగించేది) సరిపోయే లోతు గోటీ (డీప్ సాకెట్), తెల్లటి ప్లాస్టిక్ టబ్, అయస్కాంతం, టార్చ్, కొత్త ఫిల్టర్, మాన్యువల్‌లో చెప్పిన గ్రేడు ఆయిల్, కాగితం, పెన్ను. కింద దూరాల్సి వస్తే జాకీ స్టాండ్లు తప్పనిసరి. జాకీ ఒక్కదాన్నీ, ఇటుకలనూ నమ్మి బండి కింద పడుకోకండి.

ఇక పనిలోకి

1. ఏం విప్పారో రాసుకోండి.

అందరూ దాటేసే స్టెప్పు ఇది, నా లెక్కలో సగం పని ఇక్కడే అయిపోతుంది. పని చేయించక ముందు లైటు సరిగ్గా ఆరేదా? ఆరేదైతే, చివరిసారి చెయ్యి ఎక్కడ పడిందో తప్పు కూడా అక్కడే ఉండే అవకాశం ఎక్కువ. హెడ్ ఒక్కటే దించారా? ఛాంబర్ (ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) దించారా? క్రాంక్ గ్రైండింగ్‌కు వెళ్ళిందా? టైమింగ్ కవర్ విప్పారా? బ్లాక్ బోరింగ్ షాపుకు వెళ్ళి వచ్చిందా?

మెకానిక్‌తో "నువ్వేదో తప్పు చేశావు" అని మొదలుపెడితే ఆయన ఏదీ చెప్పడు. "అన్నా, ఏమేం మార్చారో చెప్పు, గేజ్ పెట్టి చూద్దాం" అంటే అన్నీ వరసగా చెబుతాడు. పాత సామాన్లు పారేయొద్దని కూడా అప్పుడే చెప్పండి.

2. డిప్‌స్టిక్ తీసి చూడండి.

బండి చదును నేల మీద ఉండాలి. ఇంజన్ ఆపి పది నిమిషాలు ఆగండి. మట్టం తక్కువుంటే పోయడం తెలిసిందే. కానీ ఎక్కువ పోసినా తప్పే. క్రాంక్ ఆ ఆయిల్‌ను మజ్జిగ చిలికినట్టు చిలుకుతుంది, నురుగు పడుతుంది, పంపు గాలి పీలుస్తుంది, గేజ్ ముల్లు వణుకుతుంది.

మట్టం చూసి ఊరుకోకుండా వేలికి రాసుకుని వాసన చూడండి. పెట్రోలో డీజిలో వాసన కొడుతూ మట్టం కూడా పెరిగి ఉంటే ఇంధనం కలుస్తోంది, ఆయిల్ పల్చబడింది. పాలు ఎక్కువైన కాఫీ రంగులో ఉంటే కూలెంట్ కలిసింది. ఈ రెండిట్లో ఏదైనా, ముందు ఆ లీకు సంగతి చూసి, ఆయిల్, ఫిల్టర్ మార్చాకే మిగతా స్టెప్పులు.

ఇంకో చిక్కు ఉంది. చెన్నై పుదుపేట నుంచో ఇంకెక్కడి నుంచో సెకండ్ హ్యాండ్ ఇంజన్ తెచ్చి వేసినప్పుడు డిప్‌స్టిక్ వేరే మోడల్‌ది అయి ఉండవచ్చు. అది చూపే మట్టం అబద్ధం. అనుమానం ఉంటే ఆయిల్ మొత్తం దించి, మాన్యువల్‌లో చెప్పిన లీటర్లు కొలిచి పోసి, డిప్‌స్టిక్ మీద కొత్త గీత పెట్టుకోండి.

3. లైటు నిజం చెబుతోందా?

కీ ఆన్ చేయండి, స్టార్ట్ చేయకండి. లైటు వెలగాలి. వెలగకపోతే సంతోషపడకండి, బల్బో వైరో స్విచ్చో పని చేయడం లేదు.

ఒకే వైరు ఉన్న పాతరకం స్విచ్ అయితే ఇలా చూడండి. కీ ఆన్‌లోనే ఉంచి స్విచ్ కనెక్టర్ పీకండి. లైటు ఆరితే వైరింగ్ బాగుంది. పీకినా వెలుగుతూనే ఉంటే వైరు ఎక్కడో బాడీకి తగులుతోంది. ఇంజన్ ఎత్తి దించేటప్పుడు వైరు నలగడం మామూలే. కొత్త బండ్లలో రెండు మూడు వైర్ల సెన్సర్ ఉండి కంప్యూటర్‌తో మాట్లాడుతుంది. వాటికి ఈ పరీక్ష పనికిరాదు, స్కానర్ పెట్టాలి.

స్విచ్ మరలకు టెఫ్లాన్ టేపు మందంగా చుట్టేవాళ్ళున్నారు. ఒకే వైరు స్విచ్‌కు ఎర్త్ ఆ మరల నుంచే అందాలి. టేపు అడ్డొస్తే ప్రెషర్ సున్నా ఉన్నా లైటు వెలగదు. లీకు ఆపబోయి కాపలా కుక్క నోరు కట్టేసినట్టు.

కొత్త స్విచ్ వేస్తే లైటు ఆరిపోయిందా? సరే, అయినా గేజ్ పెట్టండి. స్విచ్ మార్చి చేతులు దులుపుకున్న బండ్లు రెండు నెలల్లో క్రాంక్ మోసుకుని వచ్చాయి.

4. గేజ్ బిగించండి.

ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే స్విచ్ విప్పి, ఆ రంధ్రంలో గేజ్ అడాప్టర్ బిగించండి. మన దగ్గర తిరిగే జపాన్, కొరియా రకం బండ్లలో ఎక్కువగా 1/8 బీఎస్‌పీటీ మర ఉంటుంది. దానికి అంగుళానికి 28 మరలు. అమెరికా రకం 1/8 ఎన్‌పీటీకి 27. చూపుకు ఒకేలా ఉంటాయి, రెండు చుట్లు ఎక్కుతాయి కూడా. ఆ తర్వాత బలవంతం చేస్తే అల్యూమినియం బ్లాక్ మర పోతుంది. చేత్తో సులువుగా ఎక్కకపోతే ఆపేయండి.

గొట్టాన్ని సైలెన్సర్ మానిఫోల్డ్‌కు, ఫ్యాన్‌కు, బెల్టుకు దూరంగా కట్టండి. వేడి మానిఫోల్డ్ మీద ఆయిల్ చిమ్మితే మంట అంటుకుంటుంది. స్టార్ట్ చేసిన వెంటనే కీళ్ళ దగ్గర కారడం లేదని చూసుకోండి.

5. చల్లగా ఒకసారి, బాగా వేడెక్కాక ఒకసారి కొలవండి.

ఇక్కడ తొందరపడితే మొత్తం వృథా. చల్లటి ఆయిల్ చిక్కగా ఉంటుంది కాబట్టి అరిగిన ఇంజన్ కూడా గొప్ప అంకె చూపిస్తుంది. పొద్దున ఏడింటికి షెడ్డులో స్టార్ట్ చేసి "చూడు సార్, 50 ఉంది" అని చూపిస్తే అది సగం నిజమే.

స్టార్ట్ చేయగానే నాలుగైదు సెకన్లలో ముల్లు లేవాలి. లేవకపోతే ఆపేసి 7వ స్టెప్పుకు వెళ్ళండి. లేస్తే చల్లగా ఉన్న అంకె రాసుకోండి. తర్వాత కనీసం 20 నిమిషాలు ఇంజన్ నడవనివ్వండి. టెంపరేచర్ ముల్లు మధ్యకు వచ్చిందని ఆపేయకండి. అది నీళ్ళ వేడి, ఆయిల్ వేడెక్కడానికి ఇంకా టైమ్ పడుతుంది. ఈ లోపల ముల్లు పడిపోతున్నా, శబ్దం వచ్చినా వెంటనే ఆపేయండి.

వేడెక్కాక మూడు చోట్ల కొలవండి: ఐడ్లింగ్‌లో, 2000 ఆర్‌పీఎం దగ్గర, 3000 ఆర్‌పీఎం దగ్గర. ప్రతిచోటా పది సెకన్లు పట్టి ఉంచి ముల్లు నిలబడ్డాక రాయండి. మొత్తం ఫోన్‌లో వీడియో తీయండి, తర్వాత వాదన ఉండదు.

మాన్యువల్ అంకె దొరికితే అదే వేదం. దొరకకపోతే పాత మెకానిక్‌ల కొలత ఒకటుంది: వేడి మీద ప్రతి 1000 ఆర్‌పీఎంకు 10 పీఎస్‌ఐ. అంటే 3000 దగ్గర కనీసం 30. కొత్తగా పని చేసిన ఇంజన్‌కు ఇది బొటాబొటి మార్కులే, నిజానికి ఇంకా ఎక్కువే రావాలి.

6. అంకెలు ఏం చెబుతున్నాయో చదవండి.

చల్లగా ఉన్నప్పుడే సున్నా, ముల్లు లేవనే లేదు: పంపు ఆయిల్ పట్టుకోలేదు, లేదా స్ట్రైనర్ (ఛాంబర్‌లో నుంచి ఆయిల్ పీల్చే జల్లెడ మూతి) పైపు ఊడింది, లేదా గ్యాలరీ (బ్లాక్ లోపలి ఆయిల్ దారి) ప్లగ్ పెట్టడం మరిచారు.

చల్లగా బాగుంది, వేడెక్కాక ఐడ్లింగ్‌లో పడిపోతోంది, రేజ్ చేస్తే లేస్తోంది: బేరింగ్ సందులు ఎక్కువ, లేదా ఆయిల్ పల్చన, లేదా పంపు అరుగుదల. ఫిర్యాదుల్లో ఎక్కువ ఈ రకమే. ముందు ఆయిల్ గ్రేడు చూసుకోండి, చవకైన కారణం అదే.

ఐడ్లింగ్‌లో బాగుంది, రేజ్ చేసి పట్టుకుంటే పడిపోతోంది, ముల్లు వణుకుతోంది: పీల్చడంలో అడ్డం. స్ట్రైనర్ మూసుకుపోయింది, లేదా దాని రింగు దగ్గర గాలి లాగుతోంది, లేదా ఛాంబర్ నొక్కుకుపోయింది. ఇలాంటప్పుడు బేరింగుల జోలికి పోకండి.

ఎంత రేజ్ చేసినా ఒక తక్కువ అంకె దగ్గరే ఆగిపోతోంది: రిలీఫ్ వాల్వ్ (ప్రెషర్ మరీ పెరగకుండా మిగులు ఆయిల్‌ను వదిలేసేది) తెరుచుకుని ఇరుక్కుపోయింది.

మలుపుల్లో మాత్రమే లైటు వెలుగుతోంది: ఇది మన ఊరి ప్రత్యేకం. బండి పని అవగానే అలిపిరిలో పూజ చేయించి, టెంకాయ కొట్టి, అట్నుంచి అటే కొండెక్కేవాళ్ళు చాలామంది. 1974 నాటి రెండో ఘాట్‌లో ఎక్కేటప్పుడు పెద్ద మలుపులు ఆరే, అక్కడ ఏమీ తెలియదు. దిగేది 1944 నాటి పాత ఘాట్‌లో, 36 హెయిర్‌పిన్ మలుపులు. ఆయిల్ అటూ ఇటూ ఊగుతుంది, ఎక్సలేటర్ మీద కాలు ఉండదు, ఇంజన్ నెమ్మదిగా తిరుగుతుంటుంది. మట్టం అరలీటరు తక్కువున్నా, స్ట్రైనర్ సరిగ్గా కూర్చోకపోయినా మొదట బయటపడేది అక్కడే. దేవుడిని తర్వాత దర్శించుకోండి, ముందు డిప్‌స్టిక్ దర్శనం.

7. ముల్లు అస్సలు లేవకపోతే, పంపుకు ఆయిల్ పట్టించండి.

పూర్తిగా విప్పి బిగించిన ఇంజన్‌లో పంపు పొడిగా ఉంటే ఆయిల్ పీల్చలేదు. ఫిల్టర్ నిలువుగా, మూతి పైకి ఉండే రకమైతే ఆయిల్ నింపి బిగించండి. తర్వాత స్పార్క్ ప్లగ్‌లు విప్పి, కాయిల్ కనెక్టర్లు, ఇంజెక్టర్ కనెక్టర్లు రెండూ పీకేయండి. ప్లగ్‌లు తీసి కాయిల్స్ అలాగే వదిలేస్తే పెట్రోల్ ఆవిరికి నిప్పు తగలవచ్చు. డీజిల్ అయితే ఇంజెక్టర్ కనెక్టర్లు తీసి ఇంధనం ఆపేయండి. ఇప్పుడు సెల్ఫ్ పది సెకన్లు కొట్టండి, ఒక నిమిషం ఆగండి, మళ్ళీ కొట్టండి. ఏకబిగిన కొడితే సెల్ఫ్ మోటారు కాలుతుంది. ఐదారు సార్లకు ముల్లు కదలాలి.

కదలకపోతే స్విచ్ రంధ్రంలో నుంచి ఆయిల్ క్యాన్‌తో గ్యాలరీలోకి ఆయిల్ ఎక్కించి మళ్ళీ ప్రయత్నించండి. అప్పటికీ రాకపోతే పంపు విప్పక తప్పదు. విప్పినప్పుడు గేర్ల మధ్య ఆయిల్ గానీ వ్యాసలిన్ గానీ నింపండి. మామూలు గ్రీజు వద్దు. అది కరగక, పోయి ఫిల్టర్‌లో కూర్చుంటుంది.

8. ఫిల్టర్ మార్చి, పాతదాన్ని కోసి చూడండి.

విప్పినప్పుడు పాత ఫిల్టర్ రబ్బరు రింగు ఇంజన్‌కే అతుక్కుని ఉందేమో చూడండి. దాని మీదే కొత్తది బిగిస్తే రెండు రింగులై, ఉన్నట్టుండి ఆయిల్ అంతా రోడ్డు పాలవుతుంది. కాగితం ఫిల్టర్ లోపల పెట్టే రకంలో మూత రింగు సరైన గాడిలో ఉండాలి. ఒక గాడి అటూ ఇటూ అయినా ఆయిల్ దారి తప్పుతుంది.

పాత ఫిల్టర్‌ను కోసి, కాగితం విప్పి ఎండలో పరచండి. హాక్సా బ్లేడుతో కోస్తే దాని ఇనుప పొడే లోపల పడి మిమ్మల్ని బెదరగొడుతుంది, కాబట్టి కట్టర్ వాడండి. అయస్కాంతానికి అంటుకునే పొడి ఉక్కుది. అంటుకోకుండా తళతళలాడేది చాలావరకు బేరింగ్ పొడి. రాగి రంగు కనిపిస్తే బేరింగ్ పైపొర పోయి లోపలి పొర బయటపడింది, ఇంక ఇంజన్ తిప్పకండి. కొత్త ఇంజన్ మొదటి ఆయిల్‌లో కొద్దిగా నలుసులు మామూలే. చిటికెడు వస్తే మాత్రం మామూలు కాదు.

9. ఛాంబర్ దించండి.

ఆయిల్‌ను తెల్ల టబ్‌లోకి దించి ఎండలో పెట్టి చూశాకే ఛాంబర్ బోల్టులు విప్పండి.

ముందు ఛాంబర్‌ను బయట నుంచి తడిమి చూడండి. పల్లెల్లో స్పీడ్ బ్రేకర్లు ఇళ్ళ అరుగులంత ఎత్తున ఉంటాయి. చంద్రగిరి వైపు నుంచి వచ్చిన ఒక కారు ఛాంబర్ అడుగున అరచేయంత సొట్ట ఉంది. యజమాని దాన్ని లెక్కలోకే తీసుకోలేదు. లోపల ఆ సొట్ట స్ట్రైనర్ మూతికి ఆనుకుని ఉంది. ఐడ్లింగ్‌లో 22 పీఎస్‌ఐ, 3000 దగ్గర 14. పీల్చడానికి సందు లేదు. సొట్ట తీయించి బిగిస్తే సమస్య పోయింది. అంతకుముందు ఆయన పంపు కొని పెట్టుకున్నాడు, అది ఇంకా డబ్బాలోనే ఉంది.

తర్వాత స్ట్రైనర్ జల్లెడ. గాస్కెట్ బదులు సిలికాన్ పేస్ట్ రాసేవాళ్ళు "లీకు కాకూడదు" అని వేలి మందాన రాస్తారు. బోల్టులు బిగించగానే అది బయటికి వచ్చినంతే లోపలికీ వస్తుంది. వేడి ఆయిల్‌లో తెగి, సేమ్యా పోగుల్లా పోయి జల్లెడకు అతుక్కుంటుంది. టార్చ్ వేసి చూడండి. బూడిద రంగులోనో నల్లగానో మెత్తటి పోగులు ఉంటే చిమటాతో లాగేయండి, గాలి కొట్టి లోపలికి తోయకండి. మళ్ళీ బిగించేటప్పుడు సిలికాన్ గీత 3 మిల్లీమీటర్లు దాటక్కర్లేదు. డబ్బా మీద రాసినంత సేపు ఆరనిచ్చాకే ఆయిల్ పోయండి.

స్ట్రైనర్ పైపు పంపుకు కలిసే చోట చిన్న రబ్బరు రింగు ఉంటుంది. పాతదే వేసినా, పొడిగా దూర్చి కోసుకుపోయినా, మరిచిపోయినా పంపు ఆయిల్‌తో పాటు గాలి కూడా పీలుస్తుంది. స్ట్రాకు చిల్లి పడితే కొబ్బరినీళ్ళు ఎలా వస్తాయో మీకు తెలుసు. కొత్త రింగుకు ఆయిల్ రాసి బిగించండి. ధర చెబితే నవ్వుతారు.

10. రిలీఫ్ వాల్వ్, పంపు.

వాల్వ్ ప్లగ్ విప్పి స్ప్రింగు, పిస్టన్ బయటకు తీయండి. కడిగి ఆయిల్ రాసి వదిలితే పిస్టన్ తన బరువుకే జారాలి. జారకుండా పట్టేస్తే గీతలు, నలుసులు ఉన్నాయేమో చూడండి.

ఇక్కడే స్ప్రింగు కింద వాషర్ వేసి "ప్రెషర్ పెంచాను సార్" అనే వైద్యం ఒకటుంది. దానివల్ల పెరిగేది ఎక్కువ ఆర్‌పీఎంలో గరిష్ఠ ప్రెషర్ మాత్రమే. వేడి ఐడ్లింగ్‌లో వాల్వ్ ఎలాగూ మూసే ఉంటుంది కాబట్టి మీ లైటు అలాగే వెలుగుతుంది, చల్లగా ఉన్నప్పుడు మాత్రం ఫిల్టర్ ఉబ్బేంత ప్రెషర్ రావచ్చు. ఒప్పుకోకండి.

పంపు గేర్ల సందులు ఫీలర్ గేజ్‌తో కొలిచి మాన్యువల్‌తో సరిచూడండి. మూత మీద గోరు పట్టేంత గాడి పడి ఉంటే పంపు మార్చడమే.

11. గ్యాలరీ ప్లగ్‌లు, జెట్లు.

ఇందులో నా తప్పు ఒకటి చెప్పాలి. ఒక డీజిల్ బ్లాక్ బోరింగ్ నుంచి వచ్చింది. ఆయిల్ దారులు కడగడానికి నేనే గ్యాలరీ ప్లగ్‌లు మూడు విప్పాను. బిగించింది రెండు. మూడోది టైమింగ్ కవర్ వెనక ఉండేది. ఇంజన్ కట్టాక ముల్లు లేవలేదు. పంపు మీద అనుమానపడి పంపు మార్చాను, ఫిల్టర్ మార్చాను, రెండు రోజులు సెల్ఫ్ కొట్టాను. మూడో రోజు కింద చెప్పిన పద్ధతిలో చూస్తే కవర్ వెనక నుంచి కుళాయి తిప్పినట్టు కారింది. ప్లగ్ నా కడిగే ట్రేలోనే, గుడ్డ కింద ఉంది. అప్పటి నుంచి విప్పిన ప్రతి ప్లగ్‌నూ లెక్కపెట్టి గోడ మీద సుద్దతో రాస్తున్నాను.

పద్ధతి ఇది. ఛాంబర్ దించి ఉంచండి. మూత గట్టిగా పట్టే ప్రెషర్ ట్యాంకులో ఆయిల్ పోసి, గొట్టాన్ని స్విచ్ రంధ్రానికి కలిపి, 25 నుంచి 30 పీఎస్‌ఐ గాలి పెట్టండి. ట్యాంకు అంత ప్రెషర్‌కు తయారైనదై ఉండాలి, పాత డబ్బాలతో ప్రయోగాలు వద్దు. కళ్ళద్దాలు పెట్టుకుని కింద నుంచి చూడండి. బాగున్న బేరింగుల నుంచి ఆయిల్ చుక్కలుగా, సన్నటి ధారలుగా జారుతుంది. ఒక చోట మాత్రం ధారగా పోస్తుంటే దొంగ దొరికినట్టే. క్రాంక్‌ను నెమ్మదిగా ఒక చుట్టు తిప్పుతూ చూడండి.

డీజిల్, టర్బో ఇంజన్లలో పిస్టన్ అడుగుకు ఆయిల్ చిమ్మే చిన్న జెట్లుంటాయి. పిస్టన్ దూర్చేటప్పుడు వంగడం, విరగడం, బోల్టు మరిచిపోవడం జరుగుతుంది. హెడ్ పని మాత్రమే చేయించి ఉంటే హెడ్ గాస్కెట్ సరైన మోడల్‌దేనా, ఆయిల్ రంధ్రం దగ్గర ఉండాల్సిన చిన్న జెట్ మళ్ళీ పెట్టారా, క్యామ్ క్యాపులు వాటి నంబర్ల ప్రకారమే బిగించారా అడగండి.

12. చివరికి బేరింగులు.

ఇక్కడి దాకా ఏమీ దొరకకపోతేనే. ఒక్కో క్యాపు విప్పి షెల్ (అరవంపు బేరింగ్ రేకు) వెనక ఉన్న సైజు చదవండి: ఎస్‌టీడీ (అసలు సైజు), 0.25, 0.50. క్రాంక్ ఎంతకు గ్రైండ్ చేశారో లేత్ షాపు చీటీతో పోల్చండి. సైజు సరిపోయినా ఒక జర్నల్ (క్రాంక్ మీద బేరింగ్ కూర్చునే చోటు) మాత్రం ఎక్కువ గ్రైండ్ అయి ఉండవచ్చు. ప్లాస్టిగేజ్ (సందు కొలిచే మెత్తటి ప్లాస్టిక్ పోగు) పెట్టి, పొడి జర్నల్ మీద క్యాపును టార్క్ రెంచ్‌తో బిగించి, క్రాంక్ తిప్పకుండా విప్పి, నలిగిన వెడల్పు కొలవండి. చాలా కారు ఇంజన్లలో ఈ సందు 0.02 నుంచి 0.05 మిల్లీమీటర్ల లోపు ఉంటుంది, తల వెంట్రుక కంటే సన్నం. "చేత్తో ఊపితే బాగానే ఉంది" అనే మాటకు ఇక్కడ విలువ లేదు.

ఒక ప్రమాదం మాత్రం గేజ్‌లో కనిపించదు. మెయిన్ బేరింగుల్లో రంధ్రం ఉన్న షెల్ బ్లాక్ వైపు రావాలి. కిందిది పైన పెడితే రంధ్రం మూసుకుపోయి ఆ జర్నల్‌కు ఆయిల్ అందదు. గేజ్ బాగానే చూపిస్తుంది, బేరింగ్ మాత్రం కాలిపోతుంది. క్యాపు విప్పినప్పుడు ఇది తప్పకుండా చూడండి.

ఎక్కువగా చేసే తప్పులు

చిక్కటి ఆయిల్ పోసి లైటు ఆర్పడం అన్నిటికంటే పెద్ద తప్పు. 5డబ్ల్యూ-30 అడిగే ఇంజన్‌లో 20డబ్ల్యూ-50 పోస్తే గేజ్ ముల్లు లేస్తుంది, సందు మాత్రం తగ్గదు. వీవీటీ (ఆయిల్ ప్రెషర్‌తో వాల్వ్ టైమింగ్ మార్చే ఏర్పాటు), హైడ్రాలిక్ ట్యాపెట్లు ఉన్న ఇంజన్లలో అది కొత్త గొడవలు తెస్తుంది. బండి అమ్మేవాళ్ళకు తెలిసిన కిటుకు ఇది. బండి ఉంచుకునేవాళ్ళకు పనికిరాదు. ఆయిల్‌లో కలిపే చిక్కటి సీసా మందులూ అదే కోవ.

ఐడ్లింగ్ ఆర్‌పీఎం పెంచి లైటు ఆర్పడం రెండోది. టాకోమీటర్ చూడండి. 750 ఉండాల్సింది 1100 ఉంటే కారణం అడగండి.

కొలవకుండా పంపు కొనడం మూడోది. నా షెడ్డుకు "పంపు మార్చినా పోలేదు" అని వచ్చినవాటిలో ఎక్కువ భాగం స్ట్రైనర్ వైపు తప్పులే.

పని అయ్యిందని ఎలా తెలుసుకోవాలి

గేజ్ విప్పకుండానే మళ్ళీ 5వ స్టెప్పు మొత్తం చేయండి. అవే మూడు చోట్ల కొత్త అంకెలు పాతవాటి పక్కనే రాయండి. తర్వాత ఇంజన్ ఆపి అరగంట ఆగి, వేడి ఇంజన్‌నే మళ్ళీ స్టార్ట్ చేయండి. ముల్లు వెంటనే లేవాలి.

ఆ తర్వాత గేజ్ తీసి స్విచ్ బిగించి రోడ్డు మీద చూడండి. మొదటి ట్రయల్‌కు తిరుమల ఘాట్ వద్దు, తేడా వస్తే ఆపడానికి జాగా ఉండదు. చంద్రగిరి వైపు హైవే మీద 20 కిలోమీటర్లు వెళ్ళి, ఏసీ వేసుకుని తిరిగి వచ్చి, ఊరి ట్రాఫిక్‌లో ఐడ్లింగ్‌లో పది నిమిషాలు నిలబెట్టండి. మే నెల మధ్యాహ్నం అయితే ఇంకా మంచిది, అప్పుడు ఆరి ఉన్న లైటు ఏడాదంతా ఆరి ఉంటుంది. చిత్తూరు వైపు వాళ్ళకు మొగిలి ఘాట్ ఉంది, కానీ అది రెండో రోజుకు ఉంచండి.

ఇంటికి వచ్చాక బండి కింద అట్టముక్క పరిచి రాత్రంతా వదిలేయండి. పొద్దున అట్ట మీద చుక్కలు, డిప్‌స్టిక్ మీద మట్టం చూడండి. పూర్తి ఇంజన్ పని అయితే 500 కిలోమీటర్లకు ఆయిల్, ఫిల్టర్ మార్చి, ఆ ఫిల్టర్‌ను కూడా కోసి చూడండి. అంకెలు రాసిన కాగితాన్ని డ్యాష్‌బోర్డు డబ్బాలో పెట్టుకోండి. ఏడాది తర్వాత లైటు మళ్ళీ మిణుకుమంటే, మీ మెకానిక్ మొదట అడగాల్సింది ఆ కాగితమే.